అమ్మ తరఫున నింపిన ఫారం

ఆ ఉదయం చెయ్యాల్సిన పనులు ఇవి: నాన్న మోకాళ్ళ మందు తేవడం, వంటింటి కుళాయికి వాషరు మార్పించడం, ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడం, గ్యాసు బుక్ చెయ్యడం, ముందుగది కర్టెను చిరుగు కుట్టడం, అమ్మ చేత ఫారం నింపించి సంతకం పెట్టించడం. కూతురు ఈ జాబితాను పాత క్యాలెండరు కాగితం వెనక రాసి వంటింటి తలుపుకు అంటించింది. ఆఖరి పని కింద రెండు గీతలు గీసింది. ఆ ఫారం ఆ రోజే ఆఫీసులో ఇవ్వాలి.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. పదేళ్ళ వయసు నుంచి ఇంటికి వచ్చిన ప్రతి కాగితమూ ఆమె చేతిమీదుగానే వెళ్ళేది. బ్యాంకు కాగితాలు, కరెంటు మీటరు దరఖాస్తు, నాన్న ఆసుపత్రి చీటీలు, అన్నీ ఆమే నింపేది. అమ్మకు చదవడం, రాయడం వచ్చు. కాని గళ్ళు గీసిన కాగితం కనిపిస్తే చాలు, చేతులు వెనక్కి పోయేవి. "నువ్వు రాసెయ్యవే, నేను సంతకం పెడతా" అనేది. చదవకుండానే పెట్టేది. అది ఆ ఇంటి పద్ధతి. ఇన్నేళ్ళలో ఒక్క తప్పూ దొర్లలేదు గనుక ఆ పద్ధతిని ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ బస్సుల సంస్థలో ఉద్యోగి. పెద్ద బస్‌స్టాండులో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. నాన్న అదే సంస్థలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. కూతురు ప్రధాన కార్యాలయంలో, సిబ్బంది సంక్షేమం చూసే విభాగంలో చేరి ఏడాదిన్నర అయింది. 'పనిలో ఆనందం' అనే ఆ ఫారం వాళ్ళ విభాగం పంపిందే.

"అమ్మా, మొదటి ప్రశ్న. మీరు చేస్తున్న పనిలో ఆనందంగా ఉన్నారా?"

అమ్మ మూకుట్లో ఉల్లిపాయలు తిప్పుతూ, "ఆఁ, ఉన్నాను. రాయి" అంది.

"ఊరికే అనెయ్యకు. ఆలోచించి చెప్పు."

"దీనికి ఆలోచనెందుకే? బాగానే ఉంది. గొడుగులు, కళ్ళజోళ్ళు, స్వెట్టర్లు, పళ్ళ సెట్లు… రోజుకో రకం."

ముందుగదిలోంచి నాన్న గొంతు వచ్చింది. "ఊళ్ళోవాళ్ళ నవ్వులన్నీ మీ అమ్మ అల్మారాలోనే ఉన్నాయి తల్లీ! అది రాయి ముందు."

"నాన్నా, నువ్వుండు కాసేపు."

"ఉంటాలే. ముప్ఫయ్యేళ్ళు బస్సుల కింద పడుకుని నట్లు బిగించా. ఆనందంగా ఉన్నావురా అని ఒక్కడడిగితే ఒట్టు."

"అడిగితే ఏమనేవారేం?" అంది అమ్మ.

"ముందు నన్ను పైకి లేపండి, నడుం పట్టేసింది, అనేవాణ్ణి."

అమ్మ నవ్వింది. కూతురు నవ్వలేదు. "గదిలో ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని రెండో ప్రశ్న చదివింది.

"కొంచెం దుమ్ము. తుడుచుకుంటే పోతుంది. అదీ ఒక ఇబ్బందేనా?"

ఆ గదిని కూతురు ఒకే ఒక్కసారి చూసింది. అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. అమ్మ మరిచిపోయిన తాళంచెవి ఇవ్వడానికి వెళ్ళింది. పార్సెళ్ళ షెడ్డు వెనక, తల తగిలేంత కిందికి ఉన్న కప్పు, కిటికీ లేని గోడలు, ఒకటే బల్బు. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎవరిదో బురద బూటు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తోంది. కూతురు తాళంచెవి గుమ్మం దగ్గరే ఇచ్చేసి వచ్చేసింది. తరవాత కాలేజీలో ఎవరైనా మీ అమ్మగారేం చేస్తారని అడిగితే, ఆఫీసు పని అని చెప్పింది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకోవాలి, అమ్మను ఆ గదిలోంచి బయటికి తీసుకురావాలి అని అప్పుడే నిశ్చయించుకుంది.

అందుకని మొదటి ప్రశ్న ఎదురుగా 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. అమ్మ దేనికైనా బాగానే ఉందనే అంటుంది కదా. కారణాలు రాయమన్న చోట ఆరు వరుసలు రాసింది. గాలీ వెలుతురూ లేవని, ఎదుగుదల లేదని, ఎవరికీ అక్కరలేని వస్తువుల మధ్య జీవితం గడిచిపోతోందని రాసింది. రాస్తుంటే తనకే కళ్ళు చెమర్చాయి.

అమ్మ తడిచెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే" అని మురిసిపోయింది. చదవలేదు.

మూడు వారాల తరవాత విభాగం పెద్ద మేడం కూతుర్ని పిలిచి మెచ్చుకుంది. "అందరూ అన్నిటికీ 'అవును' కొట్టేశారమ్మా. మనసు విప్పి రాసింది మీ అమ్మగారొక్కరే. ఆర్డరు కూడా వచ్చేసింది, చూడు" అంది. కూతురు ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో, నేల మీద కాళ్ళు ఆనకుండా ఇంటికొచ్చింది.

ఆ ఆర్డరు కాగితాన్ని మాత్రం అమ్మ నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివింది.

"విచారణ కిటికీకి వేశారు. నేనడగలేదే ఇది?"

"అడక్కుండానే ఇచ్చారమ్మా! ఏసీ, తిరిగే కుర్చీ, గాజు కిటికీ. వచ్చినవాళ్ళకి బస్సు టైము చెప్పడం, అంతే."

"మరి గది?"

"ఏ గది?"

"నా గదే."

"దాన్ని మూసేస్తారమ్మా. పార్సెల్ కాంట్రాక్టరుకి ఇస్తారట. ఇకమీదట వస్తువులు పోతే ఫోన్ చెయ్యడానికి నంబరు పెడతారు."

అమ్మ మిఠాయి ముక్క సగం కొరికి, మిగతా సగం పొట్లంలో పెట్టేసింది. "మంచిదే" అంది. ఆ ఒక్క మాటే కూతురి చెవిన పడింది.

కొత్త కిటికీలో చేరిన రోజు నుంచి ఇంట్లో ఏదో తగ్గింది. ఏం తగ్గిందో నాన్న ముందు పోల్చుకున్నాడు. ఇదివరకు అమ్మ చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టేది: ఇవాళ ఒకాయన ఒంటికాలి జోడు కోసం వచ్చాడండీ, ఇవాళ ఒకావిడ కట్టుడుపళ్ళ డబ్బా చూసి ఇది నాది కాదు మా ఆయనది, ఇంటికెళ్ళాక చెప్తా అందండీ. ఇప్పుడు చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్తోంది. పొద్దున అలారం కన్నా ముందు లేచే మనిషి, తయారయ్యాక సంచీ ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుంటోంది. "టైమవుతోంది" అని నాన్న చెబితే లేస్తోంది.

"మీ అమ్మ ఇవాళ కూడా ఏమీ చెప్పలేదు, చూశావా?" అన్నాడు నాన్న.

"అలిసిపోయిందేమో నాన్నా."

"ఇరవై రెండేళ్ళు ఉక్కగదిలో అలవని మనిషి, చల్లగదిలో కూర్చుని అలిసిపోతోందా?"

కొత్త గదా, అలవాటవుతుంది అనుకుంది.

ఆ తరవాతి ఆదివారం పొద్దున ముగ్గురూ టీ తాగుతుండగా అమ్మ సంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్లమీద పెట్టింది. అది ఫారం నకలు. మనసు విప్పి ఎలా రాయాలో మిగతావాళ్ళకు తెలియాలని, సంక్షేమ విభాగం దాన్ని పేరు కొట్టేసి అన్ని బస్‌స్టాండుల నోటీసు బోర్డుల మీదా పెట్టించింది. పేరు కొట్టేస్తే ఏం, ఆ గదిలో పనిచేసేది ఒక్క మనిషే.

"మైకు అక్క చదివి వినిపించింది" అంది అమ్మ. బస్సుల వేళలు మైకులో చెప్పే ఆవిణ్ణి అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. "పదిమందిలో, గట్టిగా. ఎంత బాగా రాశావక్కా, ఇన్నేళ్ళూ ఇంత బాధ దాచుకున్నావా, అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను రాయలేదని ఎలా చెప్పను?"

కూతురి చేతిలో గ్లాసు కాలుతోంది, దించలేదు.

"ఎవరికీ అక్కరలేని వస్తువుల మధ్య నా జీవితం గడిచిపోతోంది… ఈ మాట నేనెప్పుడన్నానే?"

"నీ మంచికేనమ్మా…"

"నా మంచికే. నా పేరుతోనే. నా సంతకం పైనే. నువ్వడిగావు, ఉన్నానని చెప్పాను. చెప్పింది రాయడానికి నీకేం బరువైంది?"

"నువ్వు అన్నిటికీ బాగానే ఉందంటావు! కాలు విరిగిన కుర్చీకీ అదే, మాడిపోయిన కూరకీ అదే. నీ మాట ఎలా నమ్మమంటావు?"

"కుర్చీ గురించి అబద్ధమాడానే, ఒప్పుకుంటా. దీని గురించి ఆడలేదు."

"ఆ రోజు నువ్వు ఎవడిదో బూటు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నావు. నా కళ్ళతో చూశాను."

"చూశావు. ఎందుకు తుడుస్తున్నావని అడిగావా? గుమ్మంలోంచే వెళ్ళిపోయావు. నీకు సిగ్గేసింది, నాకు తెలుసు. తెలిసీ ఏమనలేదు, చిన్నపిల్లవని."

నాన్న కల్పించుకున్నాడు. "పోనిద్దూ. ఇప్పుడు మాత్రం అదెంతదని, చిన్నపిల్లేగా."

"చిన్నపిల్లా? ఆఫీసరండీ. నేను ఆనందంగా ఉన్నానో లేదో నాకన్నా బాగా తెలిసిన ఆఫీసరు."

కూతురు తల దించుకుంది. మళ్ళీ అమ్మే మాట్లాడింది. ఈసారి గొంతులో కోపం అడుగంటింది.

"చేరిన కొత్తలో ఆ గది చూసి నేనూ ఏడ్చానే. శిక్ష వేశారనుకున్నా. రెండేళ్ళు తిట్టుకుంటూనే వెళ్ళా. ఒకరోజు ఏమీ తోచక ఒక గొడుగు పుల్ల సరిచేశా. ఆ గొడుగు మనిషి వచ్చి, తెరిచి చూసి, ఇది పోయినప్పటికన్నా ఇప్పుడే బాగుందేమిటండీ అన్నాడు. ఆ రోజు ఇంటికి నడిచొచ్చా, బస్సెక్కబుద్ధి కాలేదు. అక్కణ్ణుంచి మొదలైంది. స్వెట్టరొస్తే ఉతికా. బూటొస్తే తుడిచా. చేసుకుంటూ పోగా పోగా ఎప్పటికో అది నా గదయింది. నాకింకా మూడేళ్ళే సర్వీసుంది. ఈ మూడేళ్ళలో మళ్ళీ ఎక్కడ మొదలుపెట్టను చెప్పు?"

మర్నాడు పొద్దున కూతురు టిఫినైనా చెయ్యకుండా ఆఫీసుకు బయల్దేరింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే తల్లీ. అయినా వెళ్ళిరా. పట్టుకోకపోతే ఇంకా మండుతుంది" అన్నాడు నాన్న.

పెద్ద మేడం ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. మేడం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"సంతకం మీ అమ్మగారిదే కదా?"

"సంతకం ఆవిడదే మేడం. మాటలు నావి."

"అంటే తప్పు సమాచారం ఇచ్చారన్నమాట, ఇద్దరూ. ఇది కాగితం మీద పెడితే ఇద్దరికీ సంజాయిషీ నోటీసులొస్తాయి. పెడతావా?"

"మా అమ్మకి రాకుండా నాకొక్కదానికే వచ్చేటట్టయితే పెడతాను."

"అలా కుదరదమ్మా. కుదిరినా గది రాదు." మేడం గొంతు తగ్గించింది. "ఆ గది మీద కాంట్రాక్టరుకి ఏడాదిగా కన్నుంది. ఉద్యోగిని అక్కణ్ణుంచి కదపడానికి కారణం దొరక్క ఊరుకున్నారు. కారణం నువ్వు రాసిచ్చావు, అదీ ఇంత అందంగా. ఒప్పందం మీద సంతకాలు కూడా అయిపోయాయి. నేను చెయ్యగలిగిందొక్కటే. శనివారం వస్తువులు అప్పగించాలి. ఆ పనికి మీ అమ్మగారినే పంపిస్తాను. పొద్దున్నించి ఒంటిగంట దాకా."

ఆ శనివారం కూతురు సెలవు పెట్టి అమ్మ వెంట వెళ్ళింది. అమ్మ రమ్మనలేదు, వద్దనలేదు.

గది అంతే చిన్నగా ఉంది. కప్పు అంతే కిందికి ఉంది. కాని గుమ్మం దాటి లోపలికి వెళ్ళాక కూతురికి వేరే సంగతులు కనిపించాయి. గొడుగులన్నీ పొడుగు వరుసన వేలాడుతున్నాయి. ఉతికి మడిచిన పిల్లల స్వెట్టర్లకు సబ్బు వాసన ఉంది. ప్రతి వస్తువుకూ అట్టముక్క మీద అమ్మ చేతిరాత: 'వెనక సీటు, వానరోజు. చాలా ఇష్టపడి వాడినట్టుంది.' 'ఏడుస్తూ దిగినావిడది కావచ్చు, కండక్టరు చెప్పాడు. వస్తే ముందు మంచినీళ్ళివ్వాలి.' ఆ అరల వెంట నడుస్తుంటే టిక్కుటిక్కుమని సన్నటి చప్పుడు. పదకొండు చేతిగడియారాలు, అన్నీ నడుస్తున్నాయి.

"వీటికి రోజూ కీ ఇచ్చేదానివా?"

"మధ్యలో వచ్చి ఇచ్చి వెళ్తున్నానే, తాళం నా దగ్గరే ఉందిగా. ఆగిపోయిన గడియారం చేతికిస్తే మనిషికి ఎలాగో ఉంటుంది."

పదకొండు గంటలప్పుడు గుమ్మం దగ్గర ఒకావిడ గోడ తడుముకుంటూ నిలబడింది. "లోపలెవరైనా ఉన్నారాండీ? ఇప్పుడే కిటికీ దగ్గరున్న అబ్బాయిని అడిగితే ఫోన్ చెయ్యమన్నాడు. ఫోనులో అంకెలు కనపడితే కదా చేసేది!"

"రండి. అక్కడ మెట్టుంది, కుడికాలు ముందు పెట్టండి" అంది అమ్మ.

"కళ్ళజోడండీ. మూడు వారాలైంది."

కూతురు ఆఫీసు అలవాటుతో, "ఫ్రేము ఏ రంగు? ఏ తేదీ? బస్సు నంబరేమిటి?" అని మొదలుపెట్టింది. ఆవిడ బెదిరిపోయి, "తేదీ అంటే… మంగళవారమో, బుధవారమో…" అని నసిగింది.

అమ్మ కూతురి మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టింది. "మీరేం పని చేస్తారమ్మా?"

"రొట్టెల బట్టీలోనండీ. పిండి కలుపుతా."

"అయితే పొద్దున మొదటి బస్సెక్కుతారు. కునుకు పట్టి, జోడు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంటారు."

"అమ్మో! మీరా బస్సులోనే ఉన్నారా ఏంటి?"

"లేనమ్మా. జోడు కీలులో పిండి గట్టిపడిపోయింది. సూదితో తీసేసరికి తాతలు దిగొచ్చారు." అమ్మ మూడో అరలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన కళ్ళజోడు తెచ్చి, ఆవిడ రెండు చేతుల్లో పెట్టింది.

ఆవిడ జోడు పెట్టుకుంది. గది చూడలేదు, చేతులు చూసుకోలేదు. ముందు అమ్మ ముఖం చూసింది.

"మీరింత చిన్నవారా! గొంతు విని పెద్దావిడనుకుని, వెళ్ళేటప్పుడు కాళ్ళకి దణ్ణం పెడదామనుకున్నానే!"

అమ్మ నవ్వింది. తల వెనక్కి వాల్చి, భుజాలు కదిలేలా, కళ్ళ చివర నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్న కూతురు ఆ నవ్వు ఎన్నడూ వినలేదు.

"నవ్వకండమ్మా, మూడు వారాలుగా ఉప్పేదో చక్కెరేదో నాలిక మీద వేసుకుని చూస్తున్నా. ఒకరోజు తారుమారైంది. మా యజమాని ఏమీ అనలేదు గానీ, కొనుక్కెళ్ళినవాళ్ళు మాత్రం బోలెడన్నారు." ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నాకసలు మతిమరుపెక్కువ. మళ్ళీ ఏదైనా పోతే ఇక్కడికే వచ్చేస్తా."

అమ్మ కళ్ళజోడు చుట్టిన గుడ్డ మడిచి అరలో పెట్టింది.

"జాగ్రత్తగా ఉండండమ్మా. ఇకనుంచి ఏదీ పోగొట్టుకోకండి" అంది.

కూతురు గొడుగుల వెనక్కి వెళ్ళి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మకు వినిపించింది. కాసేపటికి వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, నాశనం చేశాను."

"ఊరుకో. నాకోసం ఎవరితోనైనా కొట్లాడదామనుకున్న మనిషివి నువ్వొక్కదానివే. కొట్లాటకి వెళ్ళేముందు నన్ను ఒక్క పూట పక్కన కూర్చోబెట్టుకుని అడగాల్సింది. అంతే." చీర కొంగుతో కూతురి ముఖం తుడిచింది. "ఏడిస్తే అరలు ఖాళీ కావు. ఆ పైవి బరువు, దించు."

ఇద్దరూ దించారు. అమ్మ ఒక్కొక్క వస్తువూ చూసి చెబుతుంటే కూతురు రాసింది. ఒంటిగంటకు కాంట్రాక్టరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి గోడలు కొలవడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చినవి ఆఫీసు పెట్టెల్లోకి, మూడు నెలలు దాటిన వస్తువులు వేలానికని గోనెసంచుల్లోకి వెళ్ళాయి. "గడియారాలు మెల్లిగా నాయనా" అంది అమ్మ. సంచీ పట్టుకున్న మనిషి సరేనమ్మా అంటూనే బూట్ల మీద కుమ్మరించాడు. సంచీ మూతి కట్టేశాక కూడా లోపల్నుంచి టిక్కుటిక్కుమని వినిపిస్తూనే ఉంది. వాటికి రేపు పొద్దున కీ ఎవరిస్తారు? చదువుకున్న కూతురు దగ్గర దానికి ఏ దరఖాస్తూ లేదు. తల్లీ కూతుళ్ళు చేతులు పట్టుకుని నిలబడ్డారు. సంచులు ఎక్కించుకుని లారీ వెళ్ళిపోయింది.

ఇప్పుడు అమ్మ విచారణ కిటికీలోనే కూర్చుంటోంది. సాయంత్రం కూతురు చెప్పులు విడవకముందే, ఇవాళ ఎలా ఉందమ్మా అని అడుగుతుంది. అమ్మ బాగానే ఉందని అనడం మానేసింది. చాలా రోజులు "బాగోలేదే" అనే అంటోంది. కూతురు ఆ మాట మార్చడానికి చూడదు, సలహా చెప్పదు, పక్కన కూర్చుని వింటుంది. మొన్న గురువారం మాత్రం, "ఒకాయన బల్ల మీద సంచీ వదిలేసి బస్సెక్కబోతుంటే మైకు అక్క చేతిలోంచి మైకు లాక్కుని పిలిచానే. వెనక్కి వచ్చి తీసుకున్నాడు" అంది. నాన్న పేపరు దించి చూశాడు.

మీరెప్పుడైనా ఏదో ఒక ఊళ్ళో విచారణ కిటికీ దగ్గర నిలబడి బస్సెప్పుడని అడిగినప్పుడు, గాజు వెనక ఉన్న పెద్దావిడ జవాబు చెప్పేముందు మీ చేతుల వైపు, మీరు లేచి వచ్చిన బల్ల వైపు చూస్తే విసుక్కోకండి. మీరేమైనా మరిచిపోయారేమోనని చూస్తోంది, అంతే. బస్సెక్కి కూర్చున్నాక ఒక్కసారి ఆవిణ్ణి గుర్తు చేసుకోండి.